పాత వన్నె ఎక్కడ నిలుస్తుంది: యాంటిక్ పేస్టు వెనకున్న లెక్క

"యాంటిక్ పేస్టు రాస్తే బురద పూసినట్టు అవుతోంది, ఎందుకు?" ఇంట్లో చేతిపనులు చేసుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కొత్త చెక్క పెట్టె తెచ్చుకుంటారు. ఎమరీ పేపరుతో నున్నగా రుద్ది, నీలమో పచ్చో రంగు వేసి, మూత మీద పూలతీగను ఉబ్బెత్తుగా తీరుస్తారు. చివర్లో, కొత్త పెట్టె పాతదానిలా కనిపించాలని, డబ్బాలోని గోధుమ రంగు యాంటిక్ పేస్టు తీసి గుడ్డతో పూస్తారు. తుడిచేసరికి తీగా, పువ్వూ, నీలం రంగూ అన్నీ ఒకే మురికి ఛాయలో కలిసిపోతాయి. నాలుగు రోజుల పని పది నిమిషాల్లో పాడైందన్న బాధ మామూలుది కాదు. మా అమ్మమ్మ భోషాణం పెట్టెకు జతగా ఉంటుందని అమలాపురంలో ఒక చిన్న నగల పెట్టె చేయించుకుని, మొదటిసారి పేస్టు రాసినప్పుడు నేనూ ఆ బాధ పడ్డాను. మూత మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండోసారి మొదలుపెట్టే ముందు భోషాణం దగ్గర కూర్చుని, దాని నలుపు ఎక్కడుందో, మెరుపు ఎక్కడుందో వేలితో తడిమి చూశాను. ఆ రోజు అర్థమైన సంగతి ఇది: పేస్టును రంగులా వేయకూడదు. దుమ్ము ఎక్కడ చేరేదో, చెయ్యి ఎక్కడ తగిలేదో ముందు తేల్చుకుని, చెయ్యి తగిలే చోటల్లా తుడిచేయాలి. డబ్బా మీద రాసి ఉండే సూచనలన్నీ దీని తర్వాతే.

ఈ పేస్టులో ఉండేవి మూడే. పొడిరంగు, దాన్ని పట్టి ఉంచే బంక, తుడవడానికి మనకు కొంత వ్యవధి ఇచ్చే ద్రవం. పొడిరంగు ఎక్కువగా అంబర్ అనే మట్టి. ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు కలిసి ఉన్న మట్టి అది. ముడిగా వాడితే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న గోధుమ రంగు, కాల్చి వాడితే ఎర్ర ఛాయ తిరిగిన ముదురు గోధుమ రంగు. డబ్బాల మీద రా అంబర్, బర్న్‌ట్ అంబర్ అని కనిపించేవి ఇవే. మన జేగురు కూడా ఇనుప ఆక్సైడు మట్టే కాబట్టి దీనికి దూరపు చుట్టం అనుకోవచ్చు. పెయింటు వేసిన చోట నిలబడి ఉండాలని తయారుచేస్తారు. ఈ పేస్టును మాత్రం చాలా భాగం తుడిచి తీసేయడానికే తయారుచేస్తారు. గుడ్డ ఎత్తుగా ఉన్న చోట్ల తగులుతుంది, పల్లంలోకి దిగదు. పల్లంలో మిగిలిందే పాతదనంగా కంటికి కనిపిస్తుంది. అందుకే ఎత్తుపల్లాలు లేని చదును పలక మీద ఇది పని చేయదు. నిలిచే పల్లం లేనప్పుడు అది అంతటా పలచగా పరుచుకుని, ఉన్న రంగును మసకబార్చడం తప్ప ఇంకేమీ చేయలేదు.

ఎత్తుపల్లాలున్నా సరే, అన్ని పల్లాలూ ఒకేలా నల్లబడితే కన్ను నమ్మదు. వస్తువులు అలా పాతబడవు మరి. ఈ పాఠానికి మన డెల్టాలో మిగిలిన మండువా లోగిళ్ళ కంటే మంచి బడి లేదు. కోనసీమలో గాని, నరసాపురం, పాలకొల్లు వైపు గాని ఇంకా నిలబడి ఉన్న ఒక పాత లోగిలికి వెళ్ళండి. అరుగు దాటి ద్వారబంధం దగ్గర ఆగండి. గడప మీద పసుపు రాసి రాసి చెక్క నరాల్లోకి దిగి ఉంటుంది, మధ్యలో మాత్రం అడుగులు పడి అరిగి ఉంటుంది. గొళ్ళెం చుట్టూ అరచేయంత మేర చెక్క నల్లగా, నున్నగా మెరుస్తుంది. ఆ నలుపు చేతుల జిడ్డు. తలుపు పై భాగంలో నగిషీ ఉంటే దాని సందుల్లో దుమ్ము గట్టిపడి ఉంటుంది, ఎందుకంటే అంత ఎత్తుకు రోజూ తుడుపు గుడ్డ చేరదు. లోపల మండువా చుట్టూ నిలబడిన స్తంభాలు చూడండి. పెద్దవాళ్ళు వీపు ఆనించి కూర్చునే ఎత్తులో ఒక మెరుపు, పిల్లలు పట్టుకుని గిరగిరా తిరిగే ఎత్తులో ఇంకో మెరుపు. గోడకు తలనూనె మరక. వంటింటి వైపు తలుపుకు మసి.

అదే తలుపుకు వీధి వైపు, ఇంటి వైపు వేరువేరు ముసలితనాలు ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోని లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన పీచు బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే బయట ఎండకూ వానకూ నిలిచిన టేకు వెండి బూడిదలా పొడిగా ఉంటుంది, లోపలి టేకు తేనె ముదిరినట్టు ఉంటుంది. గోధుమ రంగు పేస్టు లోపలి ముసలితనాన్ని మాత్రమే తేగలదు. కొత్త చెక్కను వీధి అరుగు మీద ముప్పై ఏళ్ళు ఉన్నట్టు చూపించాలంటే కావలసింది బూడిద, తెలుపు కలిసిన ఛాయ. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. ఎండకు పెచ్చులూడిన తెల్ల రంగు మీద జిడ్డు పట్టిన గోధుమ రంగు రాస్తే ఆ వస్తువు ఎక్కడ బతికిందో చూసేవాళ్ళకు అంతుపట్టదు.

నీళ్ళ వల్ల వచ్చే ముసలితనం మన ప్రాంతానిది ప్రత్యేకం. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద నీళ్ళు ఇంట్లో నిలిస్తే తలుపు మీద ఒక అడ్డగీత మిగులుతుంది. గీత కింద చెక్క నల్లబడి, పీచు తేలి, సందుల్లో సన్నని ఒండ్రు ఇరుక్కుని ఉంటుంది. గీత పైన మామూలుగానే ఉంటుంది. వరదే రానక్కర్లేదు, నేల చెమ్మ వల్ల స్తంభం అడుగు ఎప్పుడూ పై భాగం కంటే ముదురుగానే ఉంటుంది. కాబట్టి నిలువుగా నిలబడే వస్తువు ఏది చేసినా, దీపపు స్తంభమైనా, ఫోటో ఫ్రేమైనా, అడుగున ఒక పాలు ఎక్కువ పేస్టు ఉంచి పైకి పోయేకొద్దీ తగ్గించండి. ఈ ఒక్క మార్పుతోనే పని సగం నిజంగా కనిపిస్తుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పు గాలికి ఇనుప మేకులు తుప్పు పట్టి, మేకు కింద చెక్క మీద ఎర్రటి చార దిగుతుంది. కొత్త పలక మీద మేకు తల కింద ఒక్క సన్నని ఎర్ర చార దించండి చాలు.

ఇత్తడి దగ్గర ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడి నుంచి వచ్చిన కొత్త గంటనో కుందినో చూస్తే అంతా ఒకటే పసుపు మెరుపు. పదేళ్ళు దేవుడి గదిలో ఉన్నాక చూడండి. చింతపండుతో తోమినప్పుడల్లా అందులోని టార్టారిక్ ఆమ్లం ఉబ్బు మీది నలుపును కరిగిస్తుంది, పీచు దాన్ని తీసేస్తుంది. గాడిలోకి పీచు దిగదు కాబట్టి అక్కడ నలుపు, చిలుము, పాత నూనె అలాగే ఉండిపోతాయి. దాంతో చెక్కడం పదింతలు లోతుగా కనిపిస్తుంది. యాంటిక్ పేస్టు వాడకమంతా ఈ పదేళ్ళ తోముడును ఒక్క పూటలో చేయడమే. పేస్టు పూయడం పదేళ్ళ మురికి, తుడవడం పదేళ్ళ చింతపండు.

ఏ ఛాయ తీసుకోవాలన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది. మన డెల్టా దుమ్ము ఒండ్రు దుమ్ము, బూడిద కలిసిన గోధుమ రంగు. మెట్టలోకి వెళితే ఎర్రమట్టి. తెలుపు, గంధం రంగు, లేత నీలం మీద రా అంబర్ రాస్తే దుమ్ము పట్టినట్టు ఉంటుంది. అదే తెలుపు మీద బర్న్‌ట్ అంబర్ రాస్తే టీ ఒలికినట్టు ఎర్రగా కనిపిస్తుంది. కుంకుమ ఎరుపు, పసుపు, టేకు రంగు మీద మాత్రం బర్న్‌ట్ అంబరే బాగుంటుంది, జిడ్డు, మసి కలిసినట్టు. ముదురు పచ్చ, ముదురు నీలం మీద ఏ గోధుమ రంగూ సరిగ్గా కనిపించదు, దానికి కాస్త నలుపు కలపాలి. నా ఉద్దేశంలో మార్కెట్లో దొరికే తయారు పేస్టుల్లో ఎరుపు పాలు ఎక్కువ. చిటికెడు నలుపు, చిటికెడు ఆకుపచ్చ కలిపితే మన ఇళ్ళ పాతదనానికి దగ్గరవుతుంది.

ఇక బురద సంగతి. దానికి మూలం పేస్టు కింద ఉంది. చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట. నిలువు కోతలో ఆ గొట్టాలు పక్కకు పడుకుని ఉంటాయి, కొంచెమే పీలుస్తాయి. అడ్డకోతలో గొట్టాల నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, పేస్టును స్ట్రాతో తాగినట్టు తాగేస్తాయి. పెట్టె మూలల్లో నల్లటి మచ్చలు పడేది అందుకే. చెక్క పీచును బంకతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక కోసిన అంచు అంతకంటే ఘోరం. ఇప్పుడు చాలామంది వాడుతున్న చాక్ పెయింటు కూడా సుద్దలాంటిదే, నిండా సూక్ష్మ రంధ్రాలు. వాటిలోకి దిగిన పొడిరంగును ఏ గుడ్డా వెనక్కి తీయలేదు. మనం తుడుస్తున్నామని అనుకుంటాం, అది అప్పటికే లోపలికి పోయింది.

దీనికి మందు ఒక్కటే, మధ్యలో ఒక పొర. రంగు పూర్తిగా ఆరాక నీటి ఆధారిత క్లియర్ వార్నిష్ రెండు పూతలు పలచగా వేసి, ఒక్కో పూతకు ఒక రోజు ఆరనివ్వాలి. మూసుకుందో లేదో తెలుసుకోవడానికి ఒక చుక్క నీళ్ళు వేసి నిమిషం ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే సరే. కింద రంగు ముదిరితే ఇంకో పూత కావాలి. ముడి చెక్క అయితే లక్క పాలిష్ కూడా ఈ పని బాగా చేస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే ఇది, ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి వాడతాం. అయితే ఒక జాగ్రత్త ఉంది. వానాకాలం గాలిలో తడి ఎక్కువ ఉన్నప్పుడు లక్క పాలిష్ వేస్తే పొర మీద పాల తెలుపు మసక కమ్ముతుంది. స్పిరిట్ ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తడి దాని మీద దిగుతుంది. పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని వేయాలి.

ఈ మధ్య పొరను కొళాయిలా వాడుకోవచ్చు. నల్లబడాలనుకున్న మూలలకు, అడుగుకు ఒక్క పూతే వేయండి. మెరుస్తూ ఉండాలనుకున్న మూత మధ్య భాగానికి, పిడి చుట్టూ రెండు మూడు పూతలు వేయండి. తర్వాత పేస్టు ఒకేలా పూసి ఒకేలా తుడిచినా, అది తనంతట తనే ఎక్కడ ఎక్కువ ఉండాలో అక్కడ ఎక్కువ ఉంటుంది. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నగల పెట్టె మూత గీకే పని తప్పేది.

దుకాణంలో మూడు జాతుల డబ్బాలు కనిపిస్తాయి, పేర్లు మాత్రం ముప్పై. నీటితో కలిసేది, నూనెతో కలిసేది, మైనంతో చేసింది. పేరు పట్టించుకోకండి. గుడ్డ కడగడానికి నీళ్ళా, టర్పెంటైనా అని చూడండి, జాతి తెలిసిపోతుంది. నీటి పేస్టు త్వరగా ఆరుతుంది, వాసన ఉండదు, పిల్లలున్న ఇంట్లో మేలు. దాని మీద ఏ వార్నిషైనా పడుతుంది. దొరకకపోతే మాట్ వార్నిష్‌లో అక్రిలిక్ బర్న్‌ట్ అంబర్ కలుపుకున్నా సరిపోతుంది. నూనె పేస్టు అవిసె గింజల నూనెతో పని చేస్తుంది. గంటల తరబడి తుడవడానికి వీలుంటుంది కాబట్టి చిక్కటి నగిషీలకు ఇంతకంటే మంచిది లేదు, కానీ పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. మైనం పేస్టు చేతికి మెత్తగా, కంటికి చల్లగా ఉంటుంది. అయితే మైనం మీద ఇంకేదీ పట్టదు. వార్నిష్ వేస్తే తామరాకు మీద నీళ్ళలా ముద్దలు కడుతుంది. కాబట్టి నీటివి ముందు, నూనెవి తర్వాత, మైనం అన్నిటికంటే చివర. ఈ వరస తప్పితే ఆరు నెలల్లో పై పొర పెచ్చులుగా లేస్తుంది.

ఇక్కడ కోనసీమవాళ్ళకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా అని చెక్కకు అదే రాసి, మీద పేస్టు పూయడం నేను చాలా ఇళ్ళలో చూశాను. అవిసె గింజల నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది, అందుకే చిత్రకారులు దాన్ని వాడతారు. కొబ్బరినూనెలో ఆ గుణం లేదు. అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు, ఎన్నేళ్ళున్నా అది నూనెగానే ఉంటుంది. దాని మీద ఏ పూత వేసినా జారుతుంది. కొబ్బరి చిప్పతో చేసిన గిన్నెలకు మెరుపు కోసం కొబ్బరినూనె రుద్దడం వేరే సంగతి, అది బాగుంటుంది. కానీ చిప్ప మీద గీసిన గీతల్లో పేస్టు నింపాలనుకుంటే ఆ పని ముందు చేయండి, నూనె రుద్దడం ఆరిన తర్వాత.

అవిసె గింజల నూనె తడిసిన గుడ్డల గురించి మాత్రం నేను గట్టిగానే చెబుతాను. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డను ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. పని అయిపోగానే గుడ్డలను బయట తాడు మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచి ఉంచండి. కొబ్బరి పీచు, ఎండు మట్టలు నిల్వ ఉండే పెరళ్ళలో ఇది అస్సలు మరిచిపోకూడదు.

తారు కలిసిన నల్ల పెయింటును టర్పెంటైన్‌లో పలచన చేసి పాతదనానికి వాడేవాళ్ళు ఉన్నారు. ఖర్చు తక్కువ, రంగు కూడా వెచ్చగా బాగుంటుంది. చిన్న వస్తువుకు, పలచటి చెయ్యితో అయితే పర్వాలేదు. దళసరిగా మాత్రం వద్దు. తారు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. 18, 19 శతాబ్దాల్లో ఐరోపా చిత్రకారులు ముదురు గోధుమ కోసం తైలవర్ణాల్లో తారు కలిపారు. ఆ చిత్రాల్లో చాలావాటి మీద పొర జారి, మొసలి తోలులా పగుళ్ళు పడ్డాయి. మన మే నెల ఎండలో తారు ఇంకా మెత్తబడుతుంది.

మైనం పేస్టు ఇంట్లో చేసుకోవాలనుకుంటే తేనెమైనం ఒక పాలు, టర్పెంటైన్ రెండు మూడు పాళ్ళు. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకండి, వేడి నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. 62 నుంచి 64 డిగ్రీల దగ్గర తేనెమైనం కరిగిపోతుంది. పొయ్యి పూర్తిగా ఆర్పేసి, గిన్నెను పెరట్లోకి తెచ్చిన తర్వాతే టర్పెంటైన్ పోయాలి, దాని ఆవిరి మంటను తేలిగ్గా అందుకుంటుంది. చల్లారుతుండగా పొడిరంగు కలిపితే నెయ్యిలా పేరుకుంటుంది. మన వేసవికి ఉత్త తేనెమైనం మెత్తగా, దుమ్ము అంటేలా ఉంటుంది. 80 డిగ్రీలు దాటితే గాని కరగని కార్నౌబా మైనం కొద్దిగా కలిపితే పై పొర గట్టిగా నిలుస్తుంది.

పూయడం, తుడవడం మాటల్లో చిన్నవే, చేతిలో పెద్దవి. ఒకేసారి పెట్టె అంతా పూయవద్దు. అరచేయి పట్టేంత చోటు తీసుకుని, గట్టి కుంచెతో పేస్టును సందుల్లోకి పొడిచినట్టు ఎక్కించండి. తుడవడానికి పాత బనియన్ గుడ్డ కంటే మంచిది లేదు, దాని నుంచి పీచు రాదు. గుడ్డను వేలికి బిగుతుగా చుట్టి, గాడికి అడ్డంగా తుడవాలి. గాడి వెంట తుడిస్తే గుడ్డ లోపలికి దిగి, ఉంచాల్సిందంతా తీసుకుపోతుంది. అడ్డంగా లాగితే గుడ్డ గాడి మీద వంతెనలా దాటిపోతుంది. రెండుసార్లు లాగగానే గుడ్డ మడత మార్చండి. మురికి గుడ్డతో తుడిస్తే తీసిన పేస్టునే ఇంకో చోట రాసినట్టు అవుతుంది, బురద పడటానికి ఇది రెండో కారణం.

ఎక్కువైందని అనిపిస్తే కంగారు వద్దు. నీటి పేస్టు తడిగా ఉంటే తడి గుడ్డతో వస్తుంది. నూనె పేస్టుకు గుడ్డ మీద ఒక చుక్క టర్పెంటైన్. మైనానికి చక్కటి ఉపాయం ఉంది. ముదురు మైనం రాసే ముందు రంగులేని మైనం పలచగా రాసి ఉంచితే, ముదురు మైనం ఎక్కువైన చోట మళ్ళీ రంగులేని మైనంతో రుద్దగానే అది కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. రబ్బరుతో పెన్సిల్ చెరిపినట్టే. తుడవడం ఎక్కడ ఆపాలన్నది మాత్రం ఏ డబ్బా చెప్పదు. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని ఆ వస్తువును నిజంగా వాడుతున్నట్టు పట్టుకుంటాను. పెట్టె మూత తెరుస్తాను, పక్కకు జరుపుతాను, ఎత్తి పెడతాను. వేళ్ళు ఎక్కడ పడ్డాయో అక్కడ ఇంకోసారి తుడుస్తాను. మిగతాది వదిలేస్తాను.

వాతావరణం లెక్కలోకి తీసుకోకపోతే పుస్తకంలో రాసిన సమయాలన్నీ మన దగ్గర తప్పుతాయి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం నీటి పేస్టు పూసి, గుడ్డ అందుకునేలోపే బిగిసిపోతుంది. అప్పుడు పొద్దున్నే పని పెట్టుకోవాలి, ఫ్యాను ఆపాలి, చెక్కను ముందు తడి గుడ్డతో ఒకసారి తుడిచి మొదలుపెట్టాలి. జులై, ఆగస్టుల్లో సరిగ్గా తిరగబడుతుంది. పైకి ఆరినట్టు ఉంటుంది, గోరు నొక్కితే దిగుతుంది. ఆ నెలల్లో పూతకూ పూతకూ మధ్య ఒక రోజు అని రాసి ఉన్న చోట రెండు రోజులు ఇవ్వండి. కొత్త చెక్క కూడా వానాకాలంలో తడి పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బి ఉన్నప్పుడు వార్నిష్ వేసి మూసేస్తే, వేసవిలో అది కుంచించుకున్నాక అతుకుల దగ్గర పగుళ్ళు పడతాయి.

చదును పలక మీద ఎత్తుపల్లాలు ఎలా తేవాలని అడిగేవాళ్ళకు నాకు బాగా నచ్చిన దారి నరసాపురం లేసు. అల్లికలో మిగిలిపోయిన ముక్కను పలక మీద పరిచి బిగించి, పైన ఉబ్బెత్తు పనికి వాడే టెక్స్చర్ పేస్టును చాకు లాంటి పలకతో ఒక్క వరసలో లాగి, వెంటనే లేసు ఎత్తేయండి. దారాల మధ్య ఖాళీలన్నీ ఉబ్బెత్తు చుక్కలుగా నిలుస్తాయి. అది ఆరి, రంగు, వార్నిష్ పడ్డాక యాంటిక్ పేస్టు రాస్తే, దారం ఉన్న దారులన్నిటా ముదురు గీత పడి, అల్లిక మొత్తం చెక్కినట్టు తేలుతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ అల్లిక అచ్చును మన ఇంటి పెట్టె మీద చూసుకోవడం నాకు ఎంతో ఇష్టం. పగుళ్ళు కావాలంటే ఫెవికాల్ పలచగా రాసి, చేతికి జిగురుగా అంటే దశలో ఉండగానే దాని మీద అక్రిలిక్ రంగు ఒకే వైపు కుంచెతో వేయండి. పైది ముందు ఆరి బిగుసుకుంటుంది, కిందది ఇంకా కదులుతూ ఉంటుంది, దాంతో రంగు చీలుతుంది. పగుళ్ళు మాత్రం ఎండ తగిలే వైపు, అంచుల దగ్గర ఉంచండి. పెట్టె లోపల పగుళ్ళు ఎందుకు వస్తాయి?

ఇత్తడి బందులు, కొత్త తాళపు కప్పలు కూడా పాతగా కావాలంటే ముందు స్పిరిట్‌తో నూనె తుడిచి, తర్వాత ముదురు మైనం రాస్తే గాడుల్లో నిలుస్తుంది. ఉప్పు, వెనిగర్‌తో పచ్చటి చిలుము తెప్పించే పద్ధతి ఉంది. అందంగా ఉంటుంది గాని చిలుము విషం. తినే, తాగే పాత్రల దగ్గరికి రానివ్వకండి.

చివరిగా ఒక విషయం గట్టిగా. ఈ విద్య కొత్త వస్తువుల కోసం. నిజంగా పాతవాటికి పేస్టు రాయకండి. లోగిళ్ళు కూల్చేటప్పుడు వచ్చే స్తంభాలు, ద్వారబంధాలు, దేవుడి మందసాలు కొనుక్కున్నవాళ్ళు కొందరు వాటిని యంత్రంతో రుద్ది, తెల్ల చెక్క చేసి, మళ్ళీ పేస్టుతో పాతగా మారుస్తున్నారు. చూస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. వందేళ్ళ చేతి జిడ్డును తీసేసి, పది నిమిషాల గోధుమ రంగు పూయడం అది. చట్టం కూడా ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పాలు, చెక్కడాలు, కళాకృతుల లాంటివి పురావస్తువుల కిందికి రావచ్చు. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. అలాగే మనం పేస్టు రాసి చేసిన వస్తువును అమ్మితే, అడుగున చేసిన సంవత్సరం రాసి అమ్మాలి. నేను సంవత్సరం నాలుగు అంకెలూ చెక్కించి, ఆ గాడుల్లో కూడా పేస్టు నింపుతాను. కొన్నవాళ్ళ మనవలకు అది పనికొస్తుంది.

సంక్రాంతి కొలువుకు మెట్లో, బొమ్మల పీటలో, పెట్టెలో చేయాలనుకుంటే కార్తీకం వెళ్ళాక మొదలుపెట్టండి. తుపాన్ల కాలం చాలావరకు దాటుతుంది, చెక్కలో తడి తగ్గుతుంది. మొదటి వారం రుద్దుడు, రంగు. రెండో వారం వార్నిష్ పూతలు, నీటి చుక్క పరీక్ష, పేస్టు. మంచు పడే పొద్దుటి వేళ వదిలేసి, ఎండ ఎక్కాక పని చేసుకోండి. మైనం రాశాక అది లోపలి దాకా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ధనుర్మాసం మొదలైన రోజు మైనం రాస్తే భోగి నాటికి సరిగ్గా సరిపోతుంది. మా ఇంట్లో ఆ రోజు నగల పెట్టెను భోషాణం పక్కన పెడతాం. నగల పెట్టెకు బనియన్ గుడ్డతో ఇంకోసారి మెరుపు పెడతాను. భోషాణానికి పొడి గుడ్డ ఒక్కటే, అది కూడా అమ్మమ్మ తుడిచే చోట్ల మాత్రమే.